గడియారం కనబడాలి

బొంగరం మళ్ళీ లేచింది.

"టీచర్, మంచినీళ్ళు."

కుట్టు టీచరు ముక్కు మీదికి జారిన కళ్ళజోడు పైనుంచి ఆ పిల్లను చూసింది. పిరియడు మొదలై ఎంతోసేపు కాలేదు, అప్పుడే ఇది రెండో దాహం. సగం కుట్టిన సంచీ మిషను మీదే వేలాడుతోంది. లేచే ముందు దారం తెంపి, గుడ్డ మడిచి పక్కన పెట్టాలని మొదటిరోజే చెప్పింది. చెప్పినవన్నీ పిల్లలు వినేటట్టయితే ఇక టీచర్లెందుకు?

"వెళ్ళిరా తల్లీ. ఒంటె కూడా నీకన్నా తక్కువే తాగుతుంది," అంది.

గది గొల్లుమంది. బొంగరం కూడా నవ్వింది గానీ ఆ నవ్వు మొహాన నిలవలేదు. యూనిఫాం జేబును చేత్తో అదిమి పట్టుకుని వరండాలోకి జారుకుంది. ఒకచోట కుదురుగా ఉండలేని పిల్ల కనకే ఆ పేరు వచ్చింది. హాజరు పిలిచేటప్పుడు తప్ప అసలు పేరు ఎవరికీ గుర్తురాదు.

పదో తరగతి పిల్లలకు "ఎదిగే వయసు" అనే పాఠం చెప్పాలని ఈ ఏడు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. స్నేహం, ప్రేమ, ఇష్టం లేనప్పుడు కాదనడం, కష్టం వస్తే ఎవరికి చెప్పుకోవాలి, ఇవీ అందులోని సంగతులు. ఆ పేరు వినగానే సైన్సు సారుకు గొంతు పోయింది. లెక్కల సారు తన లెక్కలే పూర్తికాలేదన్నాడు. చివరికి పెద్దసారు కుట్టు గదికి వచ్చి, "మీకూ ఆ వయసు ఆడపిల్ల ఉంది కదమ్మా, మీకైతే తెలుస్తుంది," అని పుస్తకాల కట్ట ఆమె బల్ల మీద పెట్టి చేతులు దులుపుకున్నాడు. ఆడపిల్లను కనడమే అర్హత అయితే ఊళ్ళో సగం మంది టీచర్లే అని ఆమె మనసులో విసుక్కుంది. అయినా ఒప్పుకుంది. నిజంగానే తనకు తెలుసని ఆమెకు గట్టి ధీమా.

ఒక్క పని మాత్రం తెలివిగా చేసింది. పాఠాన్ని తరగతి గదిలో కాక కుట్టు గదిలో పెట్టింది. ఎదురుగా నిలబెట్టి అడిగితే నీళ్ళు నమిలే పిల్లలు, తల వంచుకుని చేతిలో సూది ఆడుతున్నప్పుడు ఏదైనా మాట్లాడతారు. మొగపిల్లలు బొత్తాలు కుడుతూ, ఆడపిల్లలు మిషను తొక్కుతూ, ఇంట్లో నోరు విప్పని సంగతులు ఇక్కడ అడిగేవారు. ఆమె కూతురు బుజ్జి కూడా ఆ తరగతిలోనే, కిటికీ పక్క మిషను దగ్గర కూర్చునేది. బడిలో ఉన్నంతసేపూ తల్లిని టీచర్ అనే పిలిచేది.

బొంగరం ఎంతకీ తిరిగి రాలేదు. చేతిలో కత్తెర చేతిలోనే ఉండగా టీచరు వరండాలోకి వెళ్ళింది. కుళాయి దగ్గర ఎవరూ లేరు. వరండా చివర, ఆఫీసు గది గోడకు వేలాడే పెద్ద గడియారం కింద నిలబడి, బొంగరం చెయ్యి చాచి ఫోను ఎత్తి పట్టుకుంది. ఫోనులోకి చూసి నవ్వింది. నవ్వు ఆపేసి, తీసినది చూసుకుని, నచ్చక మళ్ళీ నవ్వి ఇంకొకటి తీసింది. దాన్ని ఎవరికో పంపించింది.

"ఏంటే అది?"

బొంగరం ఉలిక్కిపడింది. "మొదటిదాంట్లో గడియారం పడలేదు టీచర్. గడియారం కనబడాలి."

"ఎవరికి కనబడాలి?"

జవాబు చెప్పేలోగా ఫోను గుర్రుమంది. టీచరు చెయ్యి చాచి తీసుకుంది. ఇప్పుడే తీసిన ఫొటో, దాని కింద ఒక ప్రశ్న. "పక్కన ఆ నీడ ఎవరిది?"

ఆమె ఫొటోను పరిశీలనగా చూసింది. బొంగరం కాళ్ళ పక్కన నేల మీద పొడుగ్గా నీడ పడి ఉంది. ఆ నీడ చేతిలో కత్తెర ఉంది. అది తనదేనని తెలియగానే ఒళ్ళు మండిపోయింది.

"రోజంతా ఇలా పంపిస్తూనే ఉండాలా?"

"గంటకొకటి చాలు టీచర్. ఇదివరకు అరగంటకొకటి. ఇప్పుడు నమ్మకం కుదిరింది." ఆ మాట చెప్పేటప్పుడు పిల్ల మొహంలో కొంచెం గర్వం కూడా కనబడింది. "ఫోన్ల షాపులో పనిచేస్తాడు. మంచివాడు టీచర్."

"బడిలో ఫోను ఉండకూడదు. సాయంత్రం తీసుకో."

"వద్దు టీచర్! నేను పలక్కపోతే పని వదిలేసి గేటు దగ్గరికి వచ్చేస్తాడు. ఓనరు తిడతాడు పాపం."

"రానీ. నేనూ ఓసారి చూస్తా ఆ మహానుభావుణ్ణి."

ఫోను తన మిషను సొరుగులో, బాబిన్ల మధ్య పెట్టి తాళం వేసింది. మిగతా పాఠం అంతా ఆ సొరుగు లోపలినుంచి గుర్రుమంటూనే ఉంది.

చివరి గంటకు అతను నిజంగానే వచ్చాడు. మీసాలు తిప్పే రౌడీ ఎవరో వస్తాడనుకున్న టీచరుకు నిరాశే మిగిలింది. సన్నగా, ఇస్త్రీ చొక్కాతో, పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా ఉన్నాడు. "నమస్తే టీచర్," అని మర్యాదగా తలవంచాడు. తర్వాత బొంగరం వైపు వంగి ఏదో అన్నాడు. గొంతు పెంచలేదు. టికెట్టు అడిగే కండక్టరులా ఊరికే అరచెయ్యి చాచాడు. ఆ పిల్ల అప్పుడే తిరిగి తీసుకున్న ఫోను అందులో పెట్టింది. అతను బొటనవేలితో ఒక్కొక్కటీ పైకి తోస్తూ చూస్తున్నంతసేపూ, క్షణం కుదురుగా ఉండని పిల్ల సంచీ పట్టీ రెండు చేతులా పట్టుకుని కదలకుండా నిలబడింది. టీచరు వాచ్‌మన్ పక్కన నిలబడి ఇదంతా చూసింది. వాళ్ళ మధ్యకు వెళ్దామని ఒక అడుగు వేసి, వెళ్ళి ఏమనాలో తెలియక ఆగిపోయింది.

ఇంటికి వచ్చినా ఆ దృశ్యం కళ్ళముందునుంచి పోలేదు. ఎవరివో కిటికీ పరదాలు అంచు కుట్టాల్సినవి ఉంటే ముందేసుకుని కూర్చుంది గానీ, కుట్టు వంకర పోయి రెండుసార్లు ఊడదీసింది. కూతురు లెక్కలు చేసుకోవడానికి స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది. భర్త లిఫ్టు మెకానిక్కు. పెరట్లో కూర్చుని గోళ్ళలో ఇరుక్కున్న గ్రీజు సబ్బు పెట్టి తోముకుంటున్నాడు.

"నీడ ఎవరిదని అడిగాడండీ! నా నీడ! ఎంత ధైర్యం చూడండి. ఆ పిచ్చిపిల్లేమో నమ్మకం కుదిరింది అంటోంది," అంటూనే ఆమె ఫోను తీసి కూతురికి "ఫొటో" అని ఒక్క మాట కొట్టింది. తల్లీకూతుళ్ళ మధ్య ఆ ఒక్క మాట చాలు.

ఫొటో వెంటనే వచ్చింది. మూడు తలకాయలు, తెరిచిన పుస్తకాలు, వెనక తలుపు. ఆమె వేళ్ళతో దాన్ని పెద్దది చేసింది. "తలుపు దగ్గర ఆ చెప్పులు ఎవరివి?" అని అడిగింది. స్నేహితురాలి అన్నయ్యవట, అతను ఊళ్ళో లేడట. "సరే. బయల్దేరేటప్పుడు ఇంకోటి పెట్టు."

భర్త చేతులు తోముకోవడం ఆపి ఆమెనూ ఫోనునూ మార్చి మార్చి చూశాడు. "మా లిఫ్టులకైనా ఆర్నెల్లకోసారే తనిఖీ," అన్నాడు.

"మీకేం, ఎన్నయినా అంటారు. అది ఇంటికొచ్చేదాకా నాకు ముద్ద దిగదు."

కూతురు వచ్చింది. కాళ్ళు కడుక్కుని తల్లి పక్కన చతికిలబడి, అడక్కుండానే ఖాళీ బాబిన్లకు దారం చుట్టడం మొదలుపెట్టింది. ఏదో చెప్పాలనుకున్నప్పుడు ఆ పిల్ల ఇలా పని వెతుక్కుంటుంది.

"ఒకటి చెప్పాలి. టీచరుకు చెప్పనా, అమ్మకు చెప్పనా?"

"ఎవరికి చెబితే ఏంటే?"

"తేడా ఏం లేదులే. ఇద్దరూ ఒకే గొంతుతో తిడతారు." బాబిను నిండింది, దారం తెంపింది. "శనివారం బడి వదిలాక ఆ షాపతను తన ఫ్రెండు గదికి రమ్మన్నాడట బొంగరాన్ని. ఎవరూ ఉండరట. రాకపోతే ఇన్నాళ్ళూ అది నటించినట్టేనట. దానికి వెళ్ళాలని లేదమ్మా. కానీ వెళ్తానంది."

టీచరు చేతిలో పరదా పక్కన పడేసింది. తనకే ఇంత భయమేస్తే ఆ పిల్లను కన్నవాళ్ళకు ఎలా ఉండాలి అనుకుని, ఆ పిల్లకు కన్నవాళ్ళు లేరని గుర్తొచ్చి ఇంకా కలవరపడింది. బొంగరం పిన్ని ఇంట్లో ఉంటోంది.

మర్నాడు పొద్దున్నే ఆ పిన్ని పనిచేసే లాండ్రీకి వెళ్ళింది. లోపలంతా ఆవిరి. పిన్ని చెడ్డమనిషి కాదు. నిలబడి నిలబడి పాదాలు వాచిపోయి, ఇస్త్రీపెట్టె ఒక చేత్తో తోస్తూనే రెండో చేత్తో చెమట తుడుచుకుంటూ విషయమంతా వింది.

"నాకు తల గోక్కునే తీరిక లేదమ్మా. రాత్రి ఇంటికొచ్చిందా లేదా, అంతవరకే చూసుకోగలను," అంది. "మీరు చెబితే వింటుందేమో, చెప్పి చూడండి."

పెద్దసారు చెవిన కూడా వేసింది. ఆయన వాచ్‌మన్‌ను పిలిచి, ఆ కుర్రవాణ్ణి గేటు లోపలికి రానివ్వొద్దని గట్టిగా చెప్పాడు. "గేటు దాటాక మాత్రం మన చేతుల్లో ఏముందమ్మా?" అని అరచేతులు చూపించాడు. ఆమెకు పుస్తకంలోని పాఠం ఒక్కటే దిక్కయింది. రాత్రంతా దాన్ని తిరగేసింది.

శుక్రవారం పాఠం నాటకంలా ఉంటుంది. ఒకరు ఒత్తిడి చేసేవారు, ఒకరు కాదనేవారు. కాదనడం నోటికి అలవాటు కావాలని దాని ఉద్దేశం. కాదనే పాత్రకు టీచరు కావాలనే బొంగరాన్ని లేపింది. అడిగే పాత్రకు మొగపిల్లలను పిలిస్తే ఒక్కడూ లేవలేదు. ఒకర్నొకరు మోచేతులతో పొడుచుకుంటూ బొత్తాల డబ్బాలో తలలు దూర్చారు.

"నేను చేస్తా టీచర్," అంటూ కిటికీ దగ్గరినుంచి కూతురు లేచింది.

చున్నీ భుజం మీద కండువాలా వేసుకుని, గొంతు బొంగురు చేసింది. పిల్లలు అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు. టీచరు సూదిలోకి దారం ఎక్కిస్తూ చూస్తోంది.

"ఎక్కడున్నావ్?"

"స్కూల్లో," అంది బొంగరం.

"ఫొటో పెట్టు. ఇదేంటి, ఆ చెప్పులు ఎవరివి? బయల్దేరావా? అయితే బయల్దేరినట్టు ఇంకోటి పెట్టు."

"అచ్చం వాడే!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. గది విరగబడి నవ్వింది. టీచరు చేతిలో దారం సూది బెజ్జం పక్కనుంచి పోయింది.

"అనుమానం కాదు. ప్రేమ ఉండబట్టే కదా అడిగేది. నువ్వొచ్చేదాకా నాకు ముద్ద దిగదు. దాచేది ఏమీ లేకపోతే చూపించడానికి నీకేం కష్టం?" కూతురి గొంతులో బొంగురు ఎప్పుడో పోయింది. అది మామూలు గొంతుతోనే, నేల చూపులు చూస్తూ, తడుముకోకుండా అనేస్తోంది. "నాకు మాత్రం నువ్వు కాక ఎవరున్నారు?"

ఇప్పుడు బొంగరం కాదనాలి. "నాకు ఇష్టం లేదు, పంపను," అని గట్టిగా అనాలి. వాక్యం పుస్తకంలోనే ఉంది. బొంగరం బుజ్జి మొహంలోకి చూసింది. చూస్తూ చూస్తూ మెత్తబడిపోయింది.

"పెడతాలే," అంది. "నువ్వు ముందు అన్నం తిను."

నవ్వులు ఆగిపోయాయి. ఎవరో తిప్పి వదిలేసిన మిషను చక్రం ఒక్కటి మాత్రం తిరుగుతోంది.

"కాదను," అంది టీచరు. "కాదని చెప్పమ్మా. అది ప్రేమ కాదు."

"మరి మీరు అడిగితే టీచర్?"

ఆ పిల్ల ఎదిరించడానికి అడగలేదు. నిజంగా తెలియకనే అడిగింది.

"బుజ్జికి రోజూ మీ మెసేజి వస్తుంది. ఎన్నోసార్లు నేనే తీసిపెట్టా ఆ ఫొటోలు. మా ఇంట్లో నేను ఎక్కడున్నానో ఎవరూ అడగరు టీచర్. దీన్ని చూసి కుళ్ళుకునేదాన్ని. అతను మొదటిసారి ఫొటో పెట్టమన్నప్పుడు ఎంత సంతోషమేసిందో! అబ్బ, నాకూ అడిగేవాళ్ళు వచ్చారు అనుకున్నా." బుజ్జి వైపు చూసి మళ్ళీ టీచరు వైపు తిరిగింది. "మీరడిగితే ప్రేమా, అతనడిగితే కాదా?"

అందరూ టీచరు వైపే చూస్తున్నారు. ఆమె పుస్తకం తెరిచింది, మూసింది. "రేపు చెప్తా," అంది చివరికి. పిల్లల ముందు అంత చిన్నబోవడం ఆమెకు ఇదే మొదలు.

ఆ సాయంత్రం ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరిగింది. కూతురి మీద కోపం, భర్త మీద కోపం, పెద్దసారు మీద కోపం. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. కూతురు వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"వెక్కిరించాలని చెయ్యలేదమ్మా. ఏమనాలో ముందు అనుకోలేదు. నోటికి వచ్చింది అన్నా. నోటికి అదే వచ్చింది."

"వాడూ నేనూ ఒకటేనటే?"

"ఎందుకవుతారు? నువ్వు నన్ను ఏ గదికీ రమ్మనవు కదా."

"మరి?"

కూతురు గోరుతో గుమ్మం రంగు గీకింది. "అడిగినప్పుడు మాత్రం లోపల ఒకేలా ఉంటుంది. దానికీ నాకూ. మేం మాట్లాడుకున్నాం. ఏ తప్పూ చెయ్యకుండానే పట్టుబడ్డట్టు."

తల్లికి ఏడుపు వచ్చింది. ఏడవలేదు, చేతిలో గిన్నె కింద పెట్టింది. పిల్ల క్షేమంగా ఉండాలనే కదా ఇన్నాళ్ళూ అడిగింది! ఆ అడగడమే ఇంకొకరి పిల్లకు ఉచ్చు అయిందంటే ఎవరితో చెప్పుకోవాలి? తన కూతురు కూడా రేపెవరో అరచెయ్యి చాస్తే ఇలాగే ఫోను తీసి అందులో పెడుతుంది. పెట్టడం తనే నేర్పింది.

శనివారం ఒంటిపూట బడి. సోమవారం ప్రదర్శనకు పెట్టాల్సిన సంచులకు జిప్పులు తక్కువయ్యాయి. చివరి గంట కొట్టగానే పిల్లలు బిలబిలమంటూ వెళ్ళిపోయారు. కూతురు తల్లి కోసం కిటికీ దగ్గర ఆగింది. బొంగరం పుస్తకాలు సర్దుతూ, మళ్ళీ తీస్తూ, మళ్ళీ సర్దుతూ ఉంది. టీచరు దాని దగ్గరికి వెళ్ళి పక్కన బల్ల మీద కూర్చుంది.

"ఆ గదికి వెళ్ళొద్దు. ఇది అడగడం కాదు, చెప్తున్నా. పెద్దదాన్ని కనక చెప్పాలి. అక్కడ నీకు మంచి జరగదు." కిటికీ దగ్గరున్న కూతురి వైపు చూసింది. "నిన్న నువ్వడిగినదానికి నా దగ్గర గొప్ప జవాబేం లేదమ్మా. నాది భయం. దానికి ప్రేమ అని పేరు పెట్టుకుని దీన్ని సతాయించా. అతనిది ఏంటో నువ్వే చూసుకో."

బొంగరం సర్దిన పుస్తకం ఒకటి మళ్ళీ బయటికి తీసింది.

"బజారుకు వెళ్ళి జిప్పులు తీసుకురావాలి. బుజ్జి వెళ్తోంది. నువ్వూ వెళ్తావా?"

బొంగరం తల ఊపింది. కూతురు అలవాటు కొద్దీ, "షాపులోంచి ఫొటో పెడతాలే టీచర్," అంది.

"వద్దు."

"జిప్పుల రంగు చూసుకోవా?"

"రంగు నీకు తెలుసు కదే."

బొంగరం ఇద్దరినీ చూసింది. "మేం షాపుకే వెళ్ళామని మీకెలా తెలుస్తుంది టీచర్?"

"వెళ్తామని చెప్పారుగా."

బొంగరం ఆ మాట అర్థం కానట్టు నిలబడిపోయింది. జేబులో ఫోను గుర్రుమంది. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది, కళ్ళు వరండా గడియారం వైపు వెళ్ళాయి. కూతురు దాని మోచెయ్యి పట్టుకుని, "పద," అంది.

వాళ్ళు గేటు దాటేదాకా టీచరు కిటికీలోంచి చూసింది. బజారుకు వెళ్ళే దారిలోనే ఆ ఫోన్ల షాపు ఉంది. ఆ సంగతి తెలిసే పంపింది, పంపిన మరుక్షణమే తప్పు చేశానేమో అని ప్రాణం కొట్టుకులాడింది. తనూ వెంట వెళ్ళాల్సిందా? వెళ్తే ఇక చెప్పారుగా అన్న మాటకు అర్థమేముంది? మిషను ముందు కూర్చుని ఒక సంచీ అంచు కుట్టింది. దారం బిగువు ఎక్కువై గుడ్డ ముడతలు పడింది. ఊడదీసి మళ్ళీ కుట్టింది. ఫోను తీసి "ఎక్క" అని కొట్టి, చెరిపేసింది. దాన్ని సొరుగులో పెట్టి తాళం వేసింది. తాళంచెవి చేతిలోనే ఉందని చూసుకుని, లేచి వెళ్ళి వాచ్‌మన్ చేతికి ఇచ్చి వచ్చింది.

"ఇదెందుకమ్మా నాకు?" అన్నాడతను.

"పిల్లలు వచ్చేదాకా నేనడిగినా ఇవ్వకు."

బజారు అంత దూరం కాదు. ఈపాటికి రావాలి. వరండాలో గడియారం చప్పుడు ఇంతకుముందెప్పుడూ వినబడలేదు, ఇవాళ గదిలోకి వచ్చి మరీ వినబడుతోంది. వాళ్ళు రారని ఒకసారి, వస్తున్నారని ఒకసారి అనిపించింది. కూతురొక్కతే వస్తే ఏం చెయ్యాలి? ఆ ఆలోచన రాగానే లేచి నిలబడింది. ఇంకొక్క నిమిషం చూసి వెతకడానికి వెళ్ళాలనుకుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

వరండాలో చెప్పుల చప్పుడు వినబడింది. రెండు జతలు.

కూతురు జిప్పుల పొట్లం బల్ల మీద కుమ్మరించింది. బొంగరం మొహం ఎండకు కందిపోయి ఉంది. నేరుగా టీచరు ముందుకు వచ్చి నిలబడింది.

"దారిలో బుజ్జి ఫోను చూస్తూనే ఉన్నా. మీరు ఒక్కసారి కూడా చెయ్యలేదే!" అంది, నిష్ఠూరంగా. "మేం రామేమో అనిపించలేదా?"

"అనిపించింది."

"మరి?"

"అనిపించింది. చెయ్యలేదు. అంతే."

బొంగరం తన ఫోను తీసి బల్ల మీద పెట్టింది. తెర నిండా ఒకే పేరు, కింద నుంచి పైదాకా. పిలిచినవీ, అడిగినవీ, తిట్టినవీ. బొంగరం పంపిన జవాబు ఒక్కటే ఉంది. "టీచర్ పని మీద బజారుకు వెళ్తున్నా." దాని కింద అతని ప్రశ్న. "ఫొటో ఏది?" దాని కింద బొంగరం ఇంకొక్క మాట. "చెప్పాగా."

ఆ తర్వాత అతను పంపిన వాటిలో మర్యాద ఏమీ మిగల్లేదు. టీచరు చదవబోతుంటే బొంగరం ఫోను బోర్లా తిప్పేసింది.

"ఇంతసేపూ ఇవే చదువుకుంటూ వచ్చాం," అంది. "మీరేమో చెప్పారుగా అన్నారు. అతనితో నేనే చెప్పినా..." వాక్యం పూర్తి చెయ్యలేదు. తన మిషను దగ్గరికి వెళ్ళి కూర్చుని, పొట్లంలోంచి ఒక జిప్పు ఏరుకుంది.

గేటు బయట బండి హారను మోగింది. ఆగి మళ్ళీ మోగింది. వాచ్‌మన్ ఎవరినో గదమాయిస్తున్నాడు. టీచరు కిటికీ మూయడానికి లేచింది.

"ఉండనివ్వండి టీచర్," అంది బొంగరం తల ఎత్తకుండా. జిప్పు గుడ్డకు ఆనించి, చక్రం చేత్తో ఒక చుట్టు తిప్పి, మెల్లిగా కుట్టడం మొదలుపెట్టింది. హారను మూడోసారి మోగినా లేవలేదు. ఈ చివరినుంచి ఆ చివరిదాకా కుట్టి, దారం తెంపి, గుడ్డ మడిచి పక్కన పెట్టింది.

అప్పుడు తలెత్తి కుట్టు టీచరు వైపు చూసింది.

"టీచర్, ఇవాళ నన్ను ఇంటిదాకా దిగబెడతారా?"